పాలై: పటంలో చోటు లేని ఎడారి

తమిళ దేశంలో థార్ లాంటి ఎడారి లేదు. తూత్తుక్కుడి, తిరునెల్వేలి జిల్లాల తీరాన ‘తేరి’ అని పిలిచే ఎర్ర ఇసుక మేటలు కొన్ని ఉన్నాయి, అంతే. అయినా సుమారు రెండు వేల ఏళ్ళ కిందటి సంగం కవులు ప్రేమను పాడాల్సి వచ్చినప్పుడల్లా ఎక్కువగా పట్టింది ఎడారి దారినే. ఆ ఎడారి పేరు పాలై. నీళ్ళూ నీడా లేని ఆ దారిలో వాళ్ళకు కనిపించిన జంతువుల్నీ చెట్లనీ మనుషుల్నీ పలకరించుకుంటూ వెళ్తే, మధ్యలో మన చెట్లూ మన కొండా కూడా ఎదురవుతాయి.

నేల దక్కని తిణై

తొల్కాప్పియం అనే ప్రాచీన తమిళ లక్షణ గ్రంథం ప్రేమ కవితలో ప్రధానంగా ఐదు తిణైలను, అంటే నేలా భావమూ కలిసిన విభాగాలను, చెప్పింది. కొండసీమ కురింజిలో ప్రేమికులు కలుసుకుంటారు. అడవి పచ్చికల ముల్లైలో ఇల్లాలు ఓపికగా ఎదురుచూస్తుంది. వరిపొలాల మరుదంలో అలకలు, సముద్ర తీరపు నెయ్‌దల్‌లో బెంగ. ఐదోది పాలై, అంటే ఎడబాటు. విచిత్రమేమిటంటే తొల్కాప్పియం నేలను పంచింది నలుగురు దేవుళ్ళకే. ముల్లై మాయోన్‌ది, కురింజి శేయోన్‌ది, మరుదం వేందన్‌ది, నెయ్‌దల్ వరుణుడిది. పాలైకి నేలనూ ఇవ్వలేదు, దేవుణ్ణీ ఇవ్వలేదు. దానికి దక్కింది కాలం ఒక్కటే: ఎండాకాలం, అందులోనూ మిట్టమధ్యాహ్నం. చలి వెనకబట్టే మాఘ ఫాల్గుణ మాసాలు కూడా దానివే అన్నారు.

ఆ తర్వాత వచ్చిన శిలప్పదికారం అనే తమిళ కావ్యం ఈ చిక్కును చక్కగా విప్పింది. వానలు ముఖం చాటేసి ఎండలు ముదిరినప్పుడు ముల్లై, కురింజి తమ స్వభావం పోగొట్టుకుంటాయట. అప్పుడు వాటికి వచ్చే రూపమే పాలై. పడమటి కనుమలు నైరుతి వానను చాలామటుకు అడ్డుకుంటాయి, ఈశాన్య వానలు డిసెంబరుతో ముగుస్తాయి. ఆ తర్వాత నెలల తరబడి ఎండే. ఆకురాల్చే అడవులు మోడుబారతాయి, వాగులు ఇంకిపోతాయి. నిన్నటి పచ్చని అడవే రేపటి పాలై అవుతుంది. ఎడారిని ఒక చోటుగా లెక్కగట్టకుండా, ఏ నేలకైనా రాగల దశగా చూడటం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. కరువు చూసిన రైతుకు ఈ ఆలోచనను విడమరచి చెప్పనక్కర్లేదు.

బేసి సంఖ్యలన్నీ ఎడారివే

అకనానూరు నాలుగు వందల ప్రేమ కవితల సంకలనం. దాన్ని కూర్చినవారు ఒక లెక్క పాటించారు. 1, 3, 5, 7 ఇలా బేసి సంఖ్య ఉన్న ప్రతి కవితా పాలై. 2తో, 8తో ముగిసేవి కురింజి, 4తో ముగిసేవి ముల్లై, 6తో ముగిసేవి మరుదం, 10, 20, 30 లాంటివి నెయ్‌దల్. అంటే 400లో 200 కవితలు ఒక్క పాలైవే. కవిత చదవకుండానే, సంఖ్య చూసి అది ఏ నేలదో చెప్పేయవచ్చు.

ఇంత వాటా ఎందుకంటే, ఆ కవితల్లో మగవాళ్ళు ఇల్లు విడిచి వెళ్ళే సందర్భాలు చాలా. చదువు, యుద్ధం, రాయబారం, అన్నిటికీ మించి డబ్బు. వెళ్ళే దారి ఎండిన అడవిలోంచి. పెద్దలకు చెప్పకుండా ప్రియుడితో వెళ్ళిపోయే అమ్మాయి నడిచేదీ ఆ దారినే.

ఏటికొప్పాక బొమ్మల చెట్టు

పాలై అనే పేరు ఒక చెట్టుది. అది ఏ చెట్టు అన్న విషయంలో పండితుల్లో భేదాలున్నా, ఎక్కువగా వినబడే పేరు మన అంకుడు చెట్టు. ఆకు తుంపితే పాలు కారతాయి, ఎండను తట్టుకుంటుంది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసేది ఈ అంకుడు కర్రతోనే.

జింక ఇచ్చిన నీడ

పాలై కవితల్లో నాకు అన్నిటికంటే ప్రాణం కలిత్తొగై అనే సంకలనంలో పదకొండో కవిత. డబ్బు కోసం వెళ్ళిన భర్త వస్తాడా రాడా అని చెలికత్తెకు దిగులు. భార్య ఆమెకు ధైర్యం చెబుతుంది. వెళ్ళే ముందు ఆయన తనకు అడవి ఎంత భయంకరమో చెప్పాడు, దానితోపాటు అక్కడ చూసినవీ చెప్పాడు అంటుంది.

ఏమి చూశాడు? కాస్తంత నీళ్ళే మిగిలిన గుంట. అందులోకి ఏనుగు పిల్ల దిగి బురద చేసింది. ఆ కాసిని నీళ్ళనూ మగ ఏనుగు ముందు ఆడ ఏనుగుకు తాగించి, మిగిలితే తాను తాగింది. ఎండకు సొమ్మసిల్లిన ఆడ పావురానికి మగ పావురం మెత్తని రెక్కలతో విసిరింది. చివరిది మగ జింక. కనుచూపు మేరలో నీడ లేదు. జంట జింక ఎండకు అల్లాడుతోంది. ఇవ్వడానికి దాని దగ్గర మరేమీ లేదు కనుక, తన ఒంటి నీడనే ఆమెకు నీడగా నిలబెట్టింది.

ఇవన్నీ కళ్ళారా చూసిన మనిషి అక్కడ ఉండిపోడు, తిరిగి వస్తాడు అన్నది ఆ ఇల్లాలి నమ్మకం. దానికి తోడు ఇంట్లో బల్లి మంచి మాట పలికింది, ఎడమ కన్ను అదిరింది అంటుంది. ఇప్పటికీ మన ఇళ్ళలో ఆడవాళ్ళకు ఎడమ కన్ను అదిరితే శుభమే కదా!

ఈ పద్ధతికి తమిళ లక్షణకారులు పెట్టిన పేరు ఇరైచ్చి. చెప్పదలచినదాన్ని మనుషుల నోట పలికించకుండా, చుట్టూ ఉన్న ప్రకృతిలో ఉంచి వదిలేయడం. చదివేవాడే అందుకోవాలి. అందుకే ఈ కవుల అడవిలో ఒక్క జంతువూ ఊరికే కనబడదు. కవితలో ఏనుగు నడిచిందంటే, ఆ నడకలో నాయకుడి మనసు ఉందన్నమాట.

బెరడు ఒలిచే ఏనుగు

కురుందొగై అనే మరో సంకలనంలో ఇలాంటిదే ఇంకొకటి. మగ ఏనుగు ‘యా’ చెట్టు బెరడు ఒలిచి ఆడ ఏనుగు ఆకలి తీరుస్తుంది. దీన్ని చాలామంది మన నారయేపి చెట్టుగా గుర్తించారు. అనంతపురం, కడప ఎండు అడవుల్లో పెరిగే గట్టి చెట్టు అది. బెరడులో నార ఉంటుంది, దానితో తాళ్ళు పేనుతారు. ఏనుగులు ఎండాకాలంలో గడ్డి కరువై బెరడు ఒలుచుకుని తినడం ఇవాళ్టికీ అడవి సిబ్బందికి తెలిసిన సంగతే. రెండు వేల ఏళ్ళ కిందటి కవి అడవిని ఎంత దగ్గరగా చూశాడో దీన్నిబట్టి తెలుస్తుంది.

చప్పుళ్ళ అడవి

పాలైలో మనుషులు తక్కువ, నిశ్శబ్దం ఎక్కువ. అందువల్ల చిన్న చప్పుడైనా పెద్దగా వినిపిస్తుంది. కవులు దాన్ని బాగా పట్టుకున్నారు.

బొమ్మజెముడు పొదల్లో ఎర్రకాళ్ళ బల్లి తన జంటను పిలుస్తోంది. దారిదోపిడీగాళ్ళు ఇనుప ములుకు పదును చూసుకోవడానికి బాణాన్ని గోటి మీద తిప్పితే వచ్చే చప్పుడులా ఉందట ఆ పిలుపు. ఒకే చప్పుడులో ప్రేమా ప్రాణభయమూ రెండూ! ఇంకో కవితలో బొమ్మజెముడు కాయ ఎండకు ఫట్‌మని పగిలితే, జంటగా కూర్చున్న గువ్వలు బెదిరి లేచిపోతాయి. మరోచోట ఎండిన దిరిసెన కాయలు గాలికి గలగలలాడుతుంటే తాటి మీద నడిచే ఆటగాళ్ళ డప్పు గుర్తొస్తుంది కవికి. ఆ కవితలో ఎదురుగా వస్తున్నది ఇల్లు విడిచి వచ్చిన జంట. అబ్బాయి కాలికి వీరకడియం, అమ్మాయి లేత పాదాలకు అందెలు. దారిన పోయేవాళ్ళు వాళ్ళను చూసి, పాపం ఎవరో అని జాలిపడతారు.

ఎముకలు నమిలే ఒంటె

సంగం సాహిత్యంలో ఒంటె కూడా ఉంది! అది తమిళ నేలకు చెందిన జంతువు కాదు, బయటి నుంచి వచ్చిందే. అయినా తొల్కాప్పియంలో ఆడ ఒంటెను ఏమని పిలవాలో నియమం కనబడుతుంది. సిరుపాణాట్రుప్పడై అనే దీర్ఘకవితలో అలలు ఒడ్డుకు తోసిన సువాసన కొయ్య దుంగ పడుకున్న ఒంటెలా ఉందంటాడు కవి.

అకనానూరు 245వ కవితలోని ఒంటె మరీ విశేషం. ఎండిన అడవిలో అది తెల్లగా మాడిపోయిన ఎముకలు తిని ఆకలి తీర్చుకుంటుంది. చదవగానే కవి కల్పన అనిపిస్తుంది. కానీ మేతలో భాస్వరం చాలనప్పుడు ఒంటెలు నిజంగానే ఎముకలు నములుతాయి. పశువైద్యులు దీన్ని ఖనిజ లోపానికి గుర్తుగా చూస్తారు. మరుదన్ ఇళనాగనార్ అనే ఆ మదురై కవి ఎక్కడ చూశాడో, ఏ బిడారు వెంట నడిచి చూశాడో! చూడకుండా ఇలాంటి మాట రాయడం కష్టం.

రేచుకుక్కల ఎంగిలి నీళ్ళు

వేటాడి తిన్న రేచుకుక్కలు తాగగా మిగిలిన నీళ్ళు. అందులో అడవిమల్లె ఆకులు రాలి కుళ్ళిపోయాయి. ఆ గుంట ముందు కూర్చున్న నాయకుడికి ఇంటి దగ్గర ఉన్న ఆమె గుర్తొస్తుంది. ఆమె కూడా వచ్చి నాతోపాటు ఈ నీళ్ళు తాగితే ఎలా ఉంటుందో అనుకుంటాడు. కురుందొగైలో నాలుగైదు పంక్తుల కవిత ఇది. వెంటరాలేని సుకుమారి మీద జాలి, తన దురవస్థ, రెండూ ఆ ఒక్క గుంటలో ఉన్నాయి.

దాహానికి మరో మందు ఉసిరికాయ. ఐంగురునూరులో ఒక జంట పచ్చి ఉసిరికాయలు తిని, కడిమి చెట్టు కింద చారలు చారలుగా పడిన నీడలో కూర్చుంటుంది. ఆకులు రాలిన చెట్టుకు నిండు నీడ ఉండదు, కొమ్మల గీతలే నీడ. ఈ ఐంగురునూరులో 500 కవితలుంటే, ఒక్కో నేలకు వంద చొప్పున ఐదుగురు కవులు పాడారు. పాలై వంద పాడినది ఓదలాందైయార్.

ఆయనదే కురుందొగైలో ఇప్పపూల కవిత. ఎండాకాలం గాలికి తెల్లని ఇప్పపూలు రాలి, ఏనుగులు నడిచే సన్నని దారిని కప్పేస్తాయి. ఆదిలాబాదు అడవుల్లో వేసవి చూసినవారికి ఈ దృశ్యం కొత్త కాదు.

కాకికి బంగారు గిన్నెలో అన్నం

కాకి అరిస్తే చుట్టాలొస్తారన్న నమ్మకం మనదే అనుకుంటాం. ఐంగురునూరు పాలై భాగంలో, కూతురు ప్రియుడితో వెళ్ళిపోయిన తల్లి కాకిని బతిమాలుతుంది. నా బిడ్డ తిరిగొచ్చేలా ఒక్కసారి అరువు, మాంసం కలిపిన అన్నం బంగారు గిన్నెలో పెడతాను అని మొక్కుకుంటుంది. ఎడారి కవితల్లో ప్రేమికుల తర్వాత ఎక్కువ కన్నీళ్ళు ఈ తల్లులవే.

నేలలో రోలు

పాలై నేలల్లో బతికేవాళ్ళు ఎయినర్లు. వేట, దారిదోపిడీ, పశువుల దాడులు వాళ్ళ వృత్తులుగా కవితల్లో కనబడతాయి. వాళ్ళు దోచుకునేవాళ్ళే కాదు, ఆకలితో పోరాడేవాళ్ళు కూడా అని చూపించినది పెరుంబాణాట్రుప్పడై అనే దీర్ఘకవిత. ఎయినర్ల ఆడవాళ్ళు ఇనుప మొన ఉన్న గడ్డపారలతో కరంబు నేలను తవ్వి, సన్నని గడ్డి గింజలు ఏరుకుంటారు. ఇంటి ముందు వెలగ చెట్టు, దానికి కట్టేసిన దీమపు జింక. అంటే వేటలో ఇతర జింకల్ని ఆశపెట్టి రప్పించడానికి పెంచుకునే జింక అన్నమాట. ఆ వెలగ నీడలో నేలలోనే తొలిచిన రోట్లో గింజలు దంచి, లోతైన బావిలోంచి తోడిన ఉప్పునీళ్ళతో వండుతారు. పైన నంజుకోవడానికి ఎండు మాంసం. బాటసారి వస్తే అదే పెడతారు. దొంగలని పేరుపడ్డ వాళ్ళ ఇంటి ముంగిలిని ఇంత వివరంగా, ఇంత గౌరవంగా చూసిన ఆ కవి చూపంటే నాకు గౌరవం.

ఉప్పు బండ్లు వదిలిపోయిన పొయ్యి

తీరంలో పండిన ఉప్పును బండ్ల మీద లోపలి ఊళ్ళకు చేర్చే వర్తకులు ఉమణర్లు. వాళ్ళ బిడారు పాలై దారిలో ఆగి, మూడు రాళ్ళ పొయ్యి మీద వండుకుని సాగిపోతుంది. ఆ తర్వాత అదే పొయ్యి మీద విల్లు పట్టిన అడవి మనుషులు మాంసం ఉడకబెట్టుకుంటారు. అకనానూరులోని ఈ చిన్న దృశ్యంలో ఆనాటి రవాణా వ్యవస్థ అంతా ఇమిడి ఉంది.

ఎడారి పేరున్న రేవు పట్టణం

పట్టినప్పాలై 301 పంక్తుల దీర్ఘకవిత. కడియలూర్ ఉరుత్తిరంగణ్ణనార్ రచన. పెరుంబాణాట్రుప్పడై కవీ ఆయనే. ఇందులో ఎక్కడ చూసినా నీళ్ళే. కావేరి, సముద్రం, ఓడలు, చోళ రాజు కరికాలుడి రేవు కావిరిప్పూంపట్టినం. ఓడల్లో దిగిన గుర్రాలు, బండ్లలో వచ్చిన మిరియాలు, దక్షిణ సముద్రపు ముత్యాలు, తూర్పు సముద్రపు పగడాలు, గంగ ప్రాంతపు సరుకులు. అలాంటప్పుడు పేరులో పాలై ఎందుకు? నాయకుడు డబ్బు కోసం బయల్దేరబోయి ఆగిపోయాడు కనుక. ఈ మహా పట్టణమే ఇచ్చినా ఆమెను విడిచి రాను, నేను దాటాల్సిన అడవి కరికాలుడి ఈటెకన్నా క్రూరం, ఆమె భుజాలు ఆయన రాజదండంకన్నా చల్లన అని తన మనసుకు నచ్చజెప్పుకుంటాడు. ఎడారి ప్రసక్తి ఉన్నవి నాలుగైదు పంక్తులే. అయినా అవే మొత్తం కవితను పాలై చేశాయి. ఎడబాటు ఊహలోకి వచ్చినా చాలు, ఎంత తడి నేలైనా పాలై అవుతుందన్నమాట.

ఎడారిని పాడిన రాజు

బల్లి గోటి చప్పుడు, బెరడు ఒలిచిన ఏనుగు, ఈ రెండు కవితలూ ఒకరివే. ఆయన పేరే పాలై పాడియ పెరుంగడుంగో, అంటే పాలైని పాడిన పెరుంగడుంగో. చేర రాజవంశీకుడు. జింక నీడ కవిత ఉన్న కలిత్తొగై పాలై భాగాన్ని కూడా సంప్రదాయం ఆయనదే అంటుంది. కరూరు దగ్గర పుగలూరు కొండ మీద తమిళ బ్రాహ్మి శాసనంలో చేర రాజుల మూడు తరాలు కనబడతాయి. వాటిలో పెరుంగడుంగోన్ పేరుంది. ఈ ఇద్దరూ ఒకరే కావచ్చని కొందరు పండితుల ఊహ. అదే నిజమైతే, సింహాసనం మీద కూర్చున్నవాడికి నీడ లేని దారి గురించి ఇంత తెలియడం మరీ విశేషం.

వేంకటం అవతల

తమిళ సీమకు ఉత్తరపు హద్దు వేంకటం, అంటే మన తిరుమల కొండలు. పాలై కవితల్లో భర్త దూరం వెళ్ళాడని చెప్పాలంటే వేంకటం దాటాడు, భాష మారే దేశంలో ఉన్నాడు అంటారు. ఆ అవతలి జనాన్ని వడుగర్లు అన్నారు, అంటే ఉత్తరాదివాళ్ళు. తెలుగువాళ్ళను తమిళులు ఆ తర్వాతి శతాబ్దాల్లోనూ ఇదే పేరుతో పిలిచారు. కోపిష్టి కుక్కల్ని వెంటబెట్టుకుని, గట్టిగా మోగే డప్పులతో తిరిగే వడుగర్లు నట్రిణై సంకలనంలో కనబడతారు. ఇరుగుపొరుగు మనల్ని ఎలా చూసిందో చెప్పే అతి పాత చిత్రాల్లో ఇదొకటి.

వేంకటాన్ని ఎక్కువగా తలచిన కవి మామూలనార్. అక్కడి నాయకుడు పుల్లి ఆయన కవితల్లో ఉన్నాడు. ఆయన చూపు అక్కడితో ఆగదు. నంద రాజుల సంపద అంతా చేతికొచ్చినా నా మనిషి అక్కడ ఉండిపోడు అని ఓ నాయిక అంటుంది. పాటలీపుత్రంలో గంగ అడుగున దాచిన ఆ నందుల నిధి ప్రస్తావన, కొండను తొలచిన దారిలో దొర్లిన మౌర్యుల రథచక్రాల ప్రస్తావన కూడా పాలై కవితల్లోనివే. విరహ గీతాల్లో చరిత్రకారులు తేదీలు వెతుక్కునేది ఇందుకే.

వేటగాళ్ళ అమ్మవారు

తొల్కాప్పియం పాలైకి దేవుణ్ణి ఇవ్వలేదన్నాను. తర్వాతి సంప్రదాయం ఆ లోటు పూడ్చి కొట్రవైని నిలిపింది. యుద్ధాన గెలుపునిచ్చే తల్లి ఆమె. శిలప్పదికారంలో మదురైకి నడుస్తూ అలసిన దంపతులు కణ్ణగి, కోవలన్ ఆ అమ్మవారి గుడి దగ్గరే ఆగుతారు. ఎయినర్ల అమ్మాయి శాలినికి పూనకం వస్తుంది, ఆ పూనకంలో కణ్ణగిని గొప్పగా కీర్తిస్తుంది.

దారి పక్కన రాళ్ళు

పాలై దారుల్లో తరచూ ఎదురయ్యేవి నడుకల్‌లు. పశువుల కోసం పోరాడి చనిపోయిన వీరులకు నిలిపిన రాళ్ళు. వాటి మీద వీరుడి పేరు, ఘనత చెక్కి ఉంటాయి. నెమలి ఈకలు కట్టి, కల్లు పోసి, గొర్రెపోతును బలిస్తారని అకనానూరు చెబుతుంది. రాయలసీమలో, తెలంగాణలో ఊరి పొలిమేరల్లో కనబడే వీరగల్లులు వీటికి దగ్గరి చుట్టాలు.

రాళ్ళ మీద పేర్లు చెక్కేవారన్న కవుల మాటకు చాలాకాలం సాక్ష్యం దొరకలేదు. అంత పాత రాళ్ళేవీ కంటపడలేదు. 2006లో తేని జిల్లా పులిమాన్‌కోంబైలో తమిళ బ్రాహ్మి అక్షరాలున్న వీరశిలలు బయటపడ్డాయి. వాటిలో ఒకటి కూడల్ ఊరి పశువుల దాడిలో పోయిన అందవన్ అనే వీరుడిది. పశువుల దాడికి ఆ రాతి మీద వాడిన మాట ‘ఆకోళ్’. తొల్కాప్పియం యుద్ధ ఘట్టాల పట్టికలో ఉన్నదీ అదే మాట.